ఇంటి కంప్యూటరుకు యాంటీవైరసు అవసరమా?

క్రొత్తగా కంప్యూటరు కొనువానిని అంగడివాడు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "యాంటీవైరసు కూడ వేయమందురా?" కొనువాడు సందేహించినచో, "వేయకున్న వైరసులు పట్టి కంప్యూటరు పాడగును" అని హెచ్చరించును. కొనువాడు మారుమాటాడక మరికొన్ని వందల రూపాయలు చెల్లించును. ఒక యేడు గడచిన పిమ్మట తెర మూలనుండి "మీ రక్షణ ముగిసినది" అను ఎఱ్ఱని హెచ్చరిక వచ్చును. మరల రూపాయలు చెల్లింపవలెను. పాఠశాలలలో నేర్పు పాఠము కూడ దీనికి భిన్నము కాదు. "కంప్యూటరును వైరసులనుండి కాపాడుటకు ఏమి చేయవలెను?" అను ప్రశ్నకు "యాంటీవైరసును స్థాపించవలెను" అని ఒక్క వాక్యము వ్రాసిన విద్యార్థి తన పని ముగిసినదని తలంచును.

మరియొక వైపు, కంప్యూటరు విద్య నెరిగిన యువకులు కొందరు "ఇదంతయు వట్టి వ్యాపారము, జాగ్రత్తపరునకు యాంటీవైరసు అక్కరలేదు" అని కొట్టివేయుచున్నారు. మా కళాశాల విద్యార్థులలో ఈ రెండు పక్షములవారును కలరు. ఈ రెండు మాటలును సగము సగము నిజములే. సగము నిజము ఒక్కొక్కప్పుడు పూర్తి అబద్ధము కంటె ఎక్కువ హాని చేయును. అది ఎట్లో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వైరసు అనగానేమి?

కంప్యూటరు వైరసు గాలిలో వచ్చు తెగులు కాదు; యంత్రములో తానుగా పుట్టునదియు కాదు. అది మానవుడు వ్రాసిన ప్రోగ్రాము. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు కట్టుటకు మనము వాడు ప్రోగ్రాములు ఎట్టివో ఇదియు అట్టిదే. భేద మొక్కటే: ఇతర ప్రోగ్రాములలోనికి తన నకలును చొప్పించి, వాటి ద్వారా మరల మరల వ్యాపించుట దీని స్వభావము.

తన్ను తాను పునరుత్పత్తి చేసికొను యంత్రము సిద్ధాంతరీత్యా సాధ్యమేనని గణితశాస్త్రవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ 1949 నాటి ఉపన్యాసములలో వివరించెను. ఆ భావములు ఆయన మరణానంతరము 1966లో గ్రంథరూపమున వెలువడినవి. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అను 15 ఏండ్ల ఉన్నత పాఠశాల విద్యార్థి ఎల్క్ క్లోనర్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది ఫ్లాపీ డిస్కుల ద్వారా యాపిల్-2 కంప్యూటర్ల నడుమ వ్యాపించినది. 1986లో లాహోరు నగరమునందు ఇరువురు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను వైరసు ఐబీఎం తరహా కంప్యూటర్లకు ప్రాకినది. ఆ సోదరులు తమ పేర్లు, చిరునామా, టెలిఫోను సంఖ్యలు కూడ అందులో వ్రాసియుంచిరి! ఆనాటి వైరసులలో చాల భాగము ఆకతాయి పనులు. నేటివి అట్లు కాదు. ధనాపహరణమే వాటి ముఖ్యోద్దేశము. శాస్త్రార్థమున వైరసు కాని హానికర ప్రోగ్రాములను కూడ వాడుకలో వైరసులనియే పిలుచుచున్నాము. ఈ వ్యాసమునను ఆ వాడుకనే అనుసరించితిమి.

యాంటీవైరసు పనిచేయు విధము

యాంటీవైరసు ముఖ్యముగా రెండు రీతుల పనిచేయును. మొదటిది ఆనవాలు పద్ధతి. పోలీసు ఠాణాలో పాత నేరస్థుల వ్రేలిముద్రల నుంచుకొనినట్లు, తెలిసిన వైరసుల ఆనవాళ్ల పట్టికను దగ్గర నుంచుకొని ప్రతి ఫైలును దానితో పోల్చిచూచును. రెండవది ప్రవర్తనా పద్ధతి. ఒక ప్రోగ్రాము నిమిషములో వందలకొలది ఫైళ్లను మార్చివేయుచున్నచో, దాని ఆనవాలు పట్టికలో లేకున్నను అనుమానించి ఆపును. మొదటి పద్ధతి పాతదొంగలను చక్కగా పట్టును, క్రొత్తవారిని వదలును. రెండవది క్రొత్తవారిని కూడ పట్టగలదు, కాని అప్పుడప్పుడు మంచివారిని అనుమానించును.

ఎన్నడును పొరపడని యాంటీవైరసును నిర్మింప వీలగునా? దీనికి ఫ్రెడ్ కోహెన్ అను పరిశోధకుడు 1984లో ప్రకటించిన పత్రమున సమాధానమిచ్చెను. ఈ ప్రోగ్రాములకు వైరసు అను పేరును శాస్త్రచర్చలో నెలకొల్పినదియు ఆ పత్రమే. ఆయన తర్కము ఉన్నత పాఠశాల విద్యార్థులకు సయితము బోధపడునంత సులభము.

ఏ ప్రోగ్రామును ముందుంచినను అది వైరసో కాదో తప్పక చెప్పగల "నిర్ణేత" యొకటి కలదనుకొందము. ఇప్పుడొక కొంటెవాడు "క" అను ప్రోగ్రామును వ్రాసెను. "క" మొదట నిర్ణేతను పిలిచి, తన్ను గురించియే ప్రశ్నించును. నిర్ణేత "నీవు వైరసువు" అనినచో, "క" ఏమియు చేయక ఊరకుండును. "నీవు వైరసువు కావు" అనినచో, వెంటనే ఇతర ప్రోగ్రాములలోనికి వ్యాపించును. నిర్ణేత ఏమి చెప్పినను అది తప్పే యగును. కనుక ఎన్నడును తప్పని నిర్ణేత ఉండుట అసంభవము. ఒక ప్రోగ్రాము ఎన్నటికైనను ఆగునా, ఆగదా అని అన్ని సందర్భములలోను చెప్పగల సామాన్య పద్ధతి లేదని 1936లో అలన్ ట్యూరింగు నిరూపించిన సిద్ధాంతమునకు ఇది దగ్గరి చుట్టము.

కావున "పరిపూర్ణ రక్షణ" యని పెట్టెపై అచ్చువేయుట గణితశాస్త్రము ఒప్పుకొనని మాట. అయినను దీనినిబట్టి యాంటీవైరసు నిరుపయోగమని తేల్చరాదు. దోమతెర ప్రతి దోమను ఆపలేదని దానిని పారవైచువాడు వివేకి కాడు.

తప్పుడు హెచ్చరికల లెక్క

ఇక్కడ తరగతిలో చేయదగిన చిన్న లెక్క యొకటి కలదు. ఒక కంప్యూటరులో లక్ష ఫైళ్లు ఉన్నవనుకొందము. అందు 10 మాత్రమే హానికరములు. యాంటీవైరసు హానికరములైన వాటిలో నూటికి 99 వంతున పట్టుననియు, మంచి ఫైళ్లలో వేయింటికి ఒకదానిని పొరపాటున దోషి యనుననియు ఊహింతము. వినుటకు ఇది గొప్ప పరికరమే. కాని అది హెచ్చరించు ఫైళ్లెన్ని? నిజమైన దోషులు దాదాపు 10. పొరపాటున పట్టుబడిన మంచివి దాదాపు 100. అనగా ప్రతి 11 హెచ్చరికలలో 10 తప్పుడువి! దోషులు అరుదుగా నున్నచోట ఎంత మంచి పరీక్షయైనను అమాయకులనే ఎక్కువగా పట్టును. వైద్యపరీక్షల విషయమునను ఈ గణితమే వర్తించును. అందువలననే యాంటీవైరసు నిర్మాతలు తప్పుడు హెచ్చరికలను వేయింటికొకటి కంటె ఎంతో తక్కువకు దించుటకు శ్రమింపవలసియున్నది. హెచ్చరికల సంఖ్యను చూచి పరికరము గొప్పతనమును కొలువరాదు.

ఇంట నున్న కాపలాదారు

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఇంటి కంప్యూటరుకు యాంటీవైరసు కావలెనా? కావలెను. కాని దానిని కొనవలెనా? ఈ రెండును వేర్వేరు ప్రశ్నలు. అంగడివాడు మొదటిదానికి సమాధానము చెప్పి రెండవదానికి డబ్బు తీసికొనుచున్నాడు.

ఇరువది యేండ్ల క్రిందట ఈ రెండును దాదాపు ఒకే ప్రశ్న. ఆనాటి విండోసులో యాంటీవైరసు లేకుండెను, వేరుగ తెచ్చుకొనక తప్పకుండెను. 2009లో మైక్రోసాఫ్టు సంస్థ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అను దానిని ఉచితముగ నిచ్చినది. 2012లో వెలువడిన విండోసు 8 మొదలుకొని డిఫెండరు అను పూర్తిస్థాయి యాంటీవైరసు విండోసులోనే అంతర్భాగమై వచ్చుచున్నది. యాపిల్ వారి మాక్ కంప్యూటర్లలో ఎక్స్‌ప్రొటెక్ట్ అను రక్షణ 2009 నుండి కలదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అను పరీక్షాసంస్థలు ప్రకటించు ఫలితములలో, ఇటీవలి సంవత్సరములలో డిఫెండరు వెలయిచ్చి కొను సరకుల సరసనే నిలుచుచున్నది. అయితే ఇంటర్నెట్ సంబంధము లేనపుడు దాని గుర్తింపు శక్తి తగ్గునని కూడ అట్టి పరీక్షలలోనే కనిపించినది. దీనిని మరువరాదు, ముందు ఈ విషయమునకే తిరిగి వత్తుము.

కొనువారిలో ఎక్కువమంది యెరుగని సంగతి మరియొకటి. వేరొక యాంటీవైరసును స్థాపించినపుడు డిఫెండరు సాధారణముగ తానుగా ప్రక్కకు తప్పుకొనును. కాబట్టి డబ్బిచ్చి కొనినవానికి ఉన్న కాపలాదారునకు తోడు మరియొకడు లభించుట లేదు. ఒకని స్థానమున మరియొకడు వచ్చుచున్నాడు, అంతే.

కంచె చేను మేసినచో

కాపలాదారునకు ఇంటి గదులన్నిటి తాళపుచెవులు ఇయ్యవలెను. యాంటీవైరసు ప్రతి ఫైలును తెరచి చూచును. ఏ ప్రోగ్రామునైనను ఆపగలదు. అంతటి అధికారము గలవాడు పొరపడినచో నష్టమును అంతటిదే. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ పంపిన ఆనవాళ్ల పట్టికలో పొరపాటు దొరలి, విండోసు ఎక్స్‌పీలోని అత్యవసరమైన ఫైలునే వైరసుగ భావించినది. దానితో వేలకొలది కంప్యూటర్లు పనిచేయక మొరాయించినవి. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనినట్లైనది. 2017 మే నెలలో డిఫెండరు యంత్రాంగములోనే పెద్ద లోపమును గూగుల్ పరిశోధకులు కనుగొనిరి. మైక్రోసాఫ్టు వారు కొలది దినములలోనే దానిని సరిదిద్దిరి. ఉచితమైనను వెలగలదైనను ఈ అపాయమునకు అతీతము కాదు.

పొరపాటు వేరు, నమ్మకద్రోహము వేరు. అవాస్ట్ అను ప్రసిద్ధ యాంటీవైరసు సంస్థ, తన ప్రోగ్రాముల ద్వారా చేరిన వినియోగదారుల ఇంటర్నెట్ విహార సమాచారమును ఒక అనుబంధ సంస్థ ద్వారా అమ్మినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపినది. 2024లో ఆ కమిషన్ ఉత్తరువు ప్రకారము 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించుటకును, ప్రకటనల నిమిత్తము అట్టి సమాచారమును అమ్మకుండుటకును ఆ సంస్థ అంగీకరించినది. కంచె చేను మేసిన విధమిది. "ఉచితము" అను పదమును చూచి ఏది పడిన దానిని స్థాపించువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

తలుపునకు గడియ

యాంటీవైరసు అక్కరలేదనువారిని కూడ కొంత విమర్శింపవలెను. "నేను చెడ్డ ఫైలు తెరువను; నాకేమి భయము?" అని వారి వాదము. 2017 మే 12న వ్యాపించిన వన్నాక్రై అను ప్రోగ్రాము ఈ వాదమునకు సమాధానము. అది ఎవరును ఏ ఫైలును తెరువనక్కరలేకయే, విండోసులోని లోపము నాధారము చేసికొని ఒక కంప్యూటరునుండి మరియొక దానికి ప్రాకినది. ఫైళ్లనన్నిటిని సంకేతలిపిలోనికి మార్చి, తిరిగి ఇచ్చుటకు ధనము కోరినది. 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని పాలబడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దెబ్బతినినట్లు ఆనాటి పత్రికలలో వచ్చినది.

కాని ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు ఆ సంవత్సరము మార్చి 14ననే, అనగా దాదాపు రెండు నెలలు ముందుగనే, విడుదల చేసెను. ఆ అప్‌డేట్‌ను స్వీకరించిన కంప్యూటరులోనికి వన్నాక్రై ఆ దారిన ప్రవేశింపలేదు. "తరువాత చేయుదము" అని వాయిదా వేసినవారి తలుపే తెరచియుండెను. పెన్‌డ్రైవుల కథయు ఇట్టిదే. వాటిని తగిలించిన వెంటనే అందలి ప్రోగ్రాము తనంత తాను నడుచు ఏర్పాటు పాత విండోసులో నుండెను. దానివలన వైరసులు విచ్చలవిడిగా వ్యాపించినవి. విండోసు 7లో ఈ ఏర్పాటును తొలగించిరి. 2011లో ఎక్స్‌పీ, విస్టాలకు కూడ ఆ సవరణను పంపిరి. పిదప ఆ మార్గమున వచ్చు వైరసులు గణనీయముగ తగ్గినవి. గడియ లేని తలుపు ముందు ఎందరు కాపలాదారులను నిలిపినను లాభము స్వల్పము.

విండోసు 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఆపై అదనపు రక్షణకు నమోదు చేసికొనినవారికి మాత్రమే పరిమిత కాలము సవరణలు వచ్చు ఏర్పాటు చేసిరి. అట్టి కంప్యూటరు నుంచుకొని, సవరణల మాట తలపక యాంటీవైరసు కొనుట, కప్పు కురియు ఇంటికి రంగు వేయుట వంటిది.

వైరసు లేని దొంగతనము

నేటి మోసములలో పెక్కింటికి వైరసుతో పనియే లేదు. "మీ బ్యాంకు ఖాతా నిలిపివేయబడినది" అని సందేశము పంపి, బ్యాంకు పుట వంటి దొంగపుటలో సంకేతపదమును మనచేతనే వ్రాయించుకొందురు. టెలిఫోనులో అధికారివలె గద్దించి ఓటీపీని చెప్పించుకొందురు. "శుభలేఖ" యని ఫోనుకు ఏపీకే ఫైలును పంపి, మనచేతనే స్థాపింపజేయుదురు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. యజమానియే స్వయముగా తలుపు తీసి దొంగను లోనికి పిలిచినపుడు కాపలాదారు చేయగలిగినది కొంచెమే.

అంతకంటె విచారకరమైనది మరియొకటి కలదు. ఇంటర్నెట్ చూచుచుండగా హఠాత్తుగా తెర నిండ "మీ కంప్యూటరుకు వైరసు పట్టినది, వెంటనే ఈ సంఖ్యకు ఫోను చేయుడు" అను ప్రకటన వెలువడును. చూచువాడు భయపడి ఫోను చేయును. అవతలివాడు మర్యాదగా మాటాడి, దూరమునుండి కంప్యూటరును నడుపు ప్రోగ్రామును స్థాపింపుమనును. ఆ ప్రోగ్రాము సక్రమమైనదే. కార్యాలయములలో నిత్యము వాడునదే. కావున యాంటీవైరసు దానిని ఆపకపోవచ్చును. పిమ్మట బ్యాంకు ఖాతా ఖాళీ యగును. ఇచట వైరసు లేదు. వైరసు భయము మాత్రమే కలదు. "వైరసు అనగా భయము, యాంటీవైరసు అనగా అభయము" అని మనము నేర్పిన పాఠమే ఆ మోసగానికి పెట్టుబడి యైనది. ఒంటరిగ నుండు వృద్ధ తల్లిదండ్రుల పొదుపు సొమ్మునకు ఈ పాఠము చేయు హాని ఏ వైరసు చేయు హానికంటెను తక్కువ కాదు.

ఎవరికి కొనుట ఉచితము?

న్యాయముగ చెప్పవలెనన్న, వెలయిచ్చి కొనుట ఉపయుక్తమగు సందర్భములును కలవు. ఇంటర్నెట్ లేక, జెరాక్సు దుకాణములనుండి, ఇతర కంప్యూటర్లనుండి పెన్‌డ్రైవులు నిత్యము వచ్చిపోవు కంప్యూటరు ఒక ఉదాహరణ. డిఫెండరు బలహీనత అట్టిచోటనే బయటపడునని పైన చెప్పితిమి. పాఠశాలల ప్రయోగశాలలు కొన్ని ఇట్టివే. అయినను అచటను ఆనవాళ్ల పట్టికను క్రమముగ తెప్పించుకొననిచో కొనినదియు కొరగాదు. పిల్లల వాడుకపై పర్యవేక్షణ వంటి అదనపు సదుపాయములు కోరువారును కొనవచ్చును. ఒక కంప్యూటరుకు వైరసు పట్టినదను అనుమానము కలిగినచో, మన కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ద్వారా శుద్ధిచేయు పరికరములు ఉచితముగ లభించును.

మిగిలిన గృహస్థులకు మా సలహా యిది. అప్‌డేట్‌లను వాయిదా వేయరాదు. డిఫెండరు పనిచేయుచున్నదా యని చూచుకొనవలెను. దొంగనకలు ప్రోగ్రాములను, వాటి తాళములు పగులగొట్టు పరికరములను తేరాదు. హానికర ప్రోగ్రాములకు అది రాచబాట. ప్రతి ఖాతాకు వేరు వేరు సంకేతపదము నుంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, పోయినచో తిరిగి రాని ఫొటోలు, ధ్రువపత్రములు, పాఠముల వ్రాతలు మొదలగువాటి నకలును వేరొక డిస్కులో దాచి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో నుంచవలెను. కంప్యూటరుకే తగిలియున్న నకలును వన్నాక్రై వంటివి వదలవు. రెండు మూడేండ్ల యాంటీవైరసు చందాతో ఇట్టి నకలునకు చాలిన పెన్‌డ్రైవును కొనవచ్చును. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపము. "యాంటీవైరసు అనగానేమి? రెండు ఉదాహరణలిమ్ము" అను ప్రశ్న సరకుల పేర్లను కంఠస్థము చేయించునే కాని విద్యార్థికి విచక్షణ నేర్పదు. దానికి బదులు "యాంటీవైరసు ఆపలేని మూడు మోసములను చెప్పి, ప్రతిదానికి నివారణోపాయము వ్రాయుము" అని అడిగి చూడుడు. కోహెన్ తర్కమును, లక్ష ఫైళ్ల లెక్కను నల్లబల్లపై చేసి చూపుడు. ఆ విద్యార్థి ఆ సాయంకాలము ఇంటికి పోయి తన తాతగారి ఫోనును, తండ్రిగారి కంప్యూటరును చూచినచో, ఏ పెట్టెలోను అమ్మని రక్షణ ఆ ఇంటికి లభించును.